చీల బిగించడానికి

గిరింపేట సందులో నాది పాత ఇనుము కొట్టు.
తూకానికి కొంటాను, తూకానికే అమ్ముతాను.
ఒక్క మడత కత్తుల్ని మాత్రం
తక్కెట్లో వెయ్యను.

వాటికి బీరువాలో గుడ్డ పరిచిన సొరుగుంది.
వాటి నోరు విప్పించాలంటే ఓపిక కావాలి.
ముందు కిరసనాయిలు, తర్వాత అరిగిన పళ్ళ బ్రష్షు.
అలుగు మొదట్లో, చీల పక్కన,
చిటికెన గోరంత చోట సుద్దపొడి రుద్ది తుడిచేస్తే
పల్లంలో తెల్లగా నిలబడతాయి అక్షరాలు,
వాన వెలిశాక బండి జాడలో నీళ్ళలా.

కిరీటం ఉంటే ఒక లెక్క.
కిరీటం పక్కన రాజు పేరు పొడి అక్షరాలుంటే
ఆ రాజు బతికిన కాలం.
ఊరి పేరుండి దేశం పేరు లేకపోతే
ఇంకొంచెం వెనక్కి జరగాలి.
పిడి దుప్పి కొమ్మా, ఎద్దు ఎముకా,
బొటనవేలితో రుద్దితే కర్పూరం వాసనొచ్చే
సెల్యులాయిడా?
అబద్ధమాడే కత్తులూ ఉంటాయి:
పాత పిడికి కొత్త అలుగు,
టీ డికాషన్లో నానబెట్టిన ముసలితనం.
అలా నన్ను ముంచింది ఒక్కటే,
అదిప్పుడు మా ఇంట్లో నిమ్మకాయలు కోస్తోంది.

మొన్న ముసురులో,
కాయల లారీలు పలచబడ్డాక,
గొడుగు లేకుండా వచ్చిందొకామె.
యాదమరి తట్టు నుంచి. పేరు మొగిలమ్మ.
కొంగుముడి విప్పి గల్లా మీద కత్తి పెట్టి
"దీన్ని రవ్వంత చూడన్నా" అంది.

చూడమన్నాక నేనాగుతానా!
భూతద్దం తీశాను. సుద్ద రుద్దాను.
కిరీటానికి రెండు మొనలే మిగిలాయి.
పేరులో ముందు సగం సానరాయి తినేసింది,
తోక మాత్రం ఉంది, ఏదో 'ఫీల్డు'.
ఇత్తడి రేకు, చేత్తో కొట్టిన చీలలు,
గోటి గాటు పొడుగ్గా, లోతుగా.
"అమ్మా, ఇది మన స్వతంత్రం కన్నా పెద్దది,
బహుశా రెండో యుద్ధం కన్నా కూడా" అని
నా పాటికి నేను చెప్పుకుపోతున్నాను.

అప్పుడు అలుగు తిప్పితే
వెలుగు తప్పు పక్క నుంచి జారింది.
అంటుకత్తికి ఒక వైపే వాలు,
కుడిచేతి వాళ్ళ కోసం.
దీని వాలు అవతలుంది.
ఎవరో ఏళ్ళ తరబడి
సాన మీద కొంచెం కొంచెంగా
కత్తి మొహం తిప్పేశారు.
నేను చదివిన ఏ గుర్తులోనూ
ఇది లేదు.

"మా నాయనదన్నా. పుర్రచెయ్యి వాటం.
ఆయప్ప కట్టిన అంటు యాడుండినా చెప్పేస్తా.
అందురి అంటుమచ్చా ఇట్ట వాల్తాది,
ఆయప్పది అట్ట.
బంగారుపాళ్యం కాడ బేనీషా తోపులో
గెనిమెమ్మిడి నడస్తా లెక్కబెట్టుకోవచ్చు.
తోపు మాది కాదులే.
మచ్చే మాది."

కాసేపు వాన చప్పుడు.
మూడు వేలిస్తానన్నాను.
నాలుగు దాకా పోదామని లోపల అనుకుంటూనే.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.
"అమ్మేదానికి ఎవురొచ్చినారన్నా?
అలుగు అల్లాడతా ఉండాది, చీల బిగించమంటి.
రేపు నర్సరీలో నూటాయాభై
తోతాపురి అంట్లు కట్టాల."

చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేశాను,
మూడోది వెయ్యడానికి భయపడ్డాను.
కుట్టుమిషను నూనె ఒక్క బొట్టు.
మూస్తే టక్కుమంది,
తొంభై ఏళ్ళ గొంతు, వణుకు లేదు.

పది రూపాయల కాగితం
ఎడమ చేత్తో ఇచ్చింది.
బోణీ బేరం. మా అబ్బయితే
ఆ చేతి డబ్బు ముట్టేవాడు కాదు.
నేను తీసుకుని
ఆ వేళ్ళనే చూస్తున్నాను,
చూపుడు వేలి మొదట్లో కాయ కాసిన చోటు,
మామిడి జీడి కాల్చిన నల్ల చారలు.
భూతద్దం అక్కర్లేకపోయింది.

రాత్రి లెక్కల పుస్తకంలో రాసుకున్నాను:
పేరు, సగం చెరిగింది.
కాలం, ఉజ్జాయింపు.
వాలు, ఎడమకి, ఇద్దరి మనుషుల దూరం.
ధర గడిలో
పది రూపాయలు వేశాను,
చీలకి.